12 ఏళ్ల పిల్లాడికి మొదటి రైఫిల్: ఏ క్యాలిబర్, ఏ స్కోప్?

ఇవాళ్టి ఎపిసోడ్ కొంచెం వేరే టైపు. ఈ మధ్య నా ఇన్‌బాక్స్‌లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఎక్కువగా టెక్సస్‌లో ఉండే మనవాళ్ళ నుంచే. "బ్రో, మావాడు సెవెంత్ గ్రేడ్. వాడి ఫ్రెండ్ వాళ్ళ ఫ్యామిలీ నవంబర్‌లో డీర్ హంటింగ్‌కి రమ్మన్నారు. వాడికి సొంత రైఫిల్ కావాలట. ఏది కొనాలి, స్కోప్ ఏది పెట్టాలి?" ఇదీ ప్రశ్న.

ముందే ఒక మాట. ఇండియాలో చూస్తున్న ఫ్రెండ్స్, ఇది మీకు కాదు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, వేట నేరం. మా వరంగల్ వైపు నాకు చిన్నప్పుడు తెలిసిన వేటగాడు తుపాకి రాముడు ఒక్కడే. కర్ర తుపాకీ భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ కోతలు కోసి నవ్విస్తాడు కదా, ఆయన. అమెరికాలో కథ వేరు. అక్కడ లైసెన్స్, సీజన్, ఎన్ని కొట్టొచ్చో లెక్క, అన్నీ ఉంటాయి. టెక్సస్‌లో చాలా ఊళ్ళలో నవంబర్ వచ్చిందంటే మనకు సంక్రాంతి వచ్చినట్టే. పిల్లలు స్కూల్లో అదే మాట్లాడుకుంటారు. మన పిల్లలు కూడా అక్కడే పెరుగుతున్నారు కాబట్టి అడుగుతారు. వద్దనడం, సరే అనడం మీ ఇష్టం. సరే అన్నవాళ్ళ కోసమే ఈ వీడియో.

నేను డాలస్‌లో జాబ్ చేసేటప్పుడు మా కాలేజీ సీనియర్ ఒకాయన అక్కడే ఉండేవాడు. నేను అన్నా అనే పిలుస్తాను. వాళ్ళబ్బాయి నన్ను బాబాయ్ అంటాడు. వాడికి అప్పుడు 12 ఏళ్లు, బక్కగా ఉండేవాడు. రైఫిల్ కొనడానికి అన్న నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఎందుకంటే అప్పటికి నేను ఆఫీసులో కొలీగ్‌తో కలిసి రెండు సీజన్లు వెళ్ళొచ్చాను, నాకు అంతా తెలుసు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

షాపులో ఏం చేశామో చెప్తా, నవ్వకండి. ఫోన్ కొన్నట్టు కొన్నాం. స్పెక్స్ చూసి. క్యాలిబర్ పెద్దది కావాలి, స్కోప్ జూమ్ ఎక్కువ ఉండాలి. కౌంటర్ దగ్గరున్నాయన ".300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉంది, మంచి ధర" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. "తీసుకో అన్నా, వాడు ఎదిగే పిల్లాడు, కాలేజీకి వెళ్ళినా పనికొస్తుంది" అన్నాను. దాని మీద 6-24×50 స్కోప్ సెలెక్ట్ చేసింది కూడా నేనే. 24 రెట్లు జూమ్! 108 మెగాపిక్సెల్ కెమెరా చూసి మురిసిపోయినట్టు మురిసిపోయాను.

మన ఇళ్ళలో స్కూల్ యూనిఫామ్ ఎలా కొంటారో గుర్తుందా? రెండు సైజులు పెద్దది, ప్యాంటు కింద మడత కుట్టించి. రైఫిల్ విషయంలో ఆ లెక్క పనిచేయదు. వాడు ఇవాళ ఎంత ఉన్నాడో ఆ కొలతకే కొనాలి.

మొదట రీకాయిల్ సంగతి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్‌లో లెక్క ఉంటుంది కదా, ఇంత బరువున్న తుపాకీ నుంచి ఇంత బరువున్న బుల్లెట్ ఇంత వేగంతో వెళ్తే, తుపాకీ వెనక్కి ఎంత వేగంతో వస్తుంది అని. ఎంసెట్‌కి వంద సార్లు చేసి ఉంటాం. అదే ఇది, కాకపోతే వెనక ఉన్నది మీవాడి భుజం. సుమారు లెక్కలు చెప్తా, మామూలు బరువున్న రైఫిల్‌కి. .243 విన్‌చెస్టర్ అయితే 9 ఫుట్-పౌండ్ల చుట్టుపక్కల తంతుంది. 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08 రెండూ దాదాపు 12. .308 అయితే 16. .30-06, అక్కడ థర్టీ ఆట్ సిక్స్ అంటారు, 20 దాకా. మేము కొన్న .300 మ్యాగ్నమ్ 26 దాకా. అంటే .243కి దాదాపు మూడింతలు. 36 కిలోల పిల్లాడికి ఇచ్చాం దాన్ని.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్లలకి తేలికైన రైఫిల్ కొంటే మోయడం సులువు, నిజమే. కానీ అదే తూటాకి రైఫిల్ బరువు తగ్గేకొద్దీ తన్ను పెరుగుతుంది. 8 పౌండ్ల రైఫిల్‌ని 6 పౌండ్లకి తెస్తే రీకాయిల్ ఎనర్జీ మూడో వంతు పెరుగుతుంది. అందుకే తేలికైన యూత్ రైఫిల్‌లో .308 కొనడం అంటే రెండు వైపులా నష్టమే. ఇంట్లో ఇప్పటికే .308 ఉంటే, దానికి తక్కువ రీకాయిల్‌తో ఫ్యాక్టరీలో చేసిన తూటాలు దొరుకుతాయి. హార్నడీ కంపెనీ కస్టమ్ లైట్ అలాంటిదే. కొత్తది కొనకుండా వాటితో మొదలుపెట్టొచ్చు.

కొత్తగా కొనేవాళ్ళకి నా ఓటు .243కే. 1955లో వచ్చిన పాత క్యాలిబర్, తూటాలు దాదాపు ప్రతి షాపులో ఉంటాయి. టెక్సస్ హిల్ కంట్రీ జింకలు పెద్ద సైజు కావు, 150 గజాల లోపు దీనికి ఏ లోటూ లేదు. కాకపోతే ఒకటి చూసుకోండి. .243లో 55, 58 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లు కూడా అమ్ముతారు. అవి కాయోట్ లాంటి చిన్న జంతువుల కోసం, తగలగానే పగిలిపోయేలా చేసినవి. జింకకి 95, 100 గ్రెయిన్ల డీర్ బుల్లెట్ కావాలి. డబ్బా మీద చదివి కొనండి. పిల్లాడు కొంచెం పెద్దవాడు, 14, 15 ఏళ్లు, ఒళ్ళు ఉందంటే 6.5 క్రీడ్‌మూర్ గానీ 7 ఎంఎం-08 గానీ హాయిగా తీసుకోవచ్చు. అవి పెద్దయ్యాక కూడా సరిపోతాయి. ఇంకొకరు .22తో జింకను కొట్టొచ్చా అని అడిగారు. టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటాతో జింక వేట చట్టవిరుద్ధం. .22 ప్రాక్టీస్‌కి, దాని గురించి తర్వాత చెప్తా.

ఇప్పుడు కొలత. బట్ చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. పెద్దవాళ్ళ రైఫిల్స్‌లో ఇది 13.5 అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. పిల్లాడి మోచేతిని ఎల్ ఆకారంలో వంచమనండి. బట్‌ని మోచేతి మడతలో ఆనించండి. చూపుడు వేలి మొదటి కణుపు హాయిగా ట్రిగ్గర్ మీదకి రావాలి. రాలేదంటే ఆ రైఫిల్ వాడిది కాదు. రూగర్ అమెరికన్ కాంపాక్ట్‌లో ఈ దూరం 12.5 అంగుళాలు. మాస్‌బర్గ్ పేట్రియట్‌లో సూపర్ బ్యాంటమ్ అనే యూత్ మోడల్ ఉంది, దానికి మధ్యలో ఒక స్పేసర్ ముక్క ఇస్తారు. ఇప్పుడు తీసేసి 12 అంగుళాలు పెట్టుకోవచ్చు, పిల్లాడు పెరిగాక వేసి 13 చేసుకోవచ్చు. ఎదిగే పిల్లాడికి ఇదీ సరైన మడత ప్యాంటు. ఎవరూ నాకు డబ్బులివ్వలేదు, నేను చేత్తో పట్టుకుని చూసినవే చెప్తున్నా.

కొనేముందు కన్ను కూడా చూడండి. రెండు అరచేతులతో చిన్న కిటికీ చేసి దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి రెండు కళ్ళతో చూడమనండి. ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కిటికీలోనే ఉంటే అదే వాడి మెయిన్ కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను మెయిన్ అయితే కొనకముందే తెలియడం మంచిది. లెఫ్ట్ హ్యాండ్ బోల్ట్ ఉన్న మోడల్స్ వేరేగా ఉంటాయి.

స్కోప్ దగ్గర నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. జూమ్ ఎక్కువుంటే బాగా కనిపిస్తుంది అనుకుంటాం. మీ ఫోన్‌లో 10 ఎక్స్ జూమ్ పెట్టి ఎగిరే పిట్టను వెతకండి, దొరుకుతుందేమో చూద్దాం. 3-9 స్కోప్‌ని 3 మీద పెడితే 100 గజాల దూరంలో 30 అడుగుల పైనే వెడల్పు కనిపిస్తుంది. 9 మీద పెడితే 11 నుంచి 14 అడుగులు. 24 మీద ఎంత కనిపిస్తుందో ఊహించుకోండి. దగ్గర్లో జింక ఉంటే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఇంకేం కనబడదు. ముందు ఏది, వెనక ఏది తెలీదు.

వెలుతురు లెక్క కూడా ఉంది. ముందు అద్దం సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుతురు గుండ్రం ఎంతో తెలుస్తుంది. 40 మిల్లీమీటర్ల అద్దం, 4 జూమ్ అయితే 10 మిల్లీమీటర్లు. చీకట్లో పిల్లల కంటిపాప దాదాపు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, అంటే కావాల్సినంత వెలుతురు ఉన్నట్టే. 50 మిల్లీమీటర్లు, 24 జూమ్ అయితే 2 చిల్లర. టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకి టైమ్. జింకలు బయటికొచ్చేది సరిగ్గా ఆ మసక వేళల్లోనే. పెద్ద జూమ్ ఆ టైమ్‌కి గుడ్డిది.

కాబట్టి 3-9×40, లేదా 2-7 ఏదైనా. లోపల మామూలు ప్లస్ గుర్తు చాలు, చెట్టు కొమ్మల్లా గీతలున్నది వద్దు. వార్టెక్స్ క్రాస్‌ఫైర్, లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్, ఈ రేంజిలో ఏదైనా సరిపోతుంది. జూమ్‌ని 4 మీద పెట్టి ఇక మర్చిపోమనండి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది ఐ రిలీఫ్. అంటే కంటికీ స్కోప్‌కీ మధ్య ఎంత దూరంలో పూర్తి బొమ్మ కనిపిస్తుందో అది. మూడున్నర నుంచి 4 అంగుళాలు ఉండాలి. స్కోప్‌ని బిగించేటప్పుడు పిల్లాడిని పక్కనే కూర్చోబెట్టి, నవంబర్‌లో వేసుకునే జాకెట్ కూడా వేయించి, వాడి మెడకి తగ్గట్టు ముందుకీ వెనక్కీ జరిపి బిగించండి. మీ మెడకి తగ్గట్టు కాదు.

మేము అదేం చేయలేదు. రేంజిలో ఏం జరిగిందో చెప్తా. బట్ పొడవు ఎక్కువ, వాడి భుజంలో సరిగ్గా కూర్చోలేదు. స్కోప్‌లో పూర్తి బొమ్మ కనబడటం కోసం మెడ ముందుకి చాచాడు. మొదటి రెండు షాట్లకి ఒళ్ళంతా వెనక్కి ఊగింది. మూడో షాట్‌కి స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది. రక్తం కారింది. వాడు ఏడవలేదు. "ఐ యామ్ ఓకే బాబాయ్" అన్నాడు. మేము బ్యాండేజ్ వేసి, ఫొటో తీసి, "నువ్వు ఇప్పుడు అసలైన హంటర్‌వి రా" అని నవ్వాం. ఆ రోజే ఆపేసి ఆ రైఫిల్ తిరిగిచ్చేయాల్సింది.

ఎందుకంటే ఆ దెబ్బ తర్వాత వాడి ఒంట్లో ఒకటి దూరింది. ఫ్లించ్ అంటారు. ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కళ్ళు మూసుకోవడం, భుజం బిగించడం, తెలియకుండానే గన్ను పక్కకి లాగడం. వాడు కావాలని చేయడు, చెప్పినా ఆగదు.

నవంబర్‌లో లానో దగ్గర ఒక రాంచ్‌కి వెళ్ళాం. లానో టౌన్ తనని తాను డీర్ క్యాపిటల్ ఆఫ్ టెక్సస్ అని చెప్పుకుంటుంది. సాయంత్రం బ్లైండ్‌లో, అదే చెక్క గదిలో, ముగ్గురం కూర్చున్నాం. 70 గజాల్లో ఒక జింక వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. అంత తేలిక షాట్ ఇంకోటి ఉండదు. వాడు కొట్టాడు. నేను వాడి మొహమే చూస్తున్నా. కళ్ళు మూసుకున్నాడు. తూటా కాలికి తగిలింది. జింక కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. రక్తపు చుక్కలు చూసుకుంటూ రెండు గంటలు వెతికాం. చీకటి పడ్డాక రాంచ్ ఓనర్ లైట్లు పట్టుకొచ్చాడు. దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరం మాట్లాడలేదు. సగం దారిలో వాడు వెనక సీట్లోంచి, "బాబాయ్, అది ఇంకా బతికే ఉందా?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. అన్న ఒక్క మాట కూడా నన్ను అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

మరుసటి సంవత్సరం ఏం మార్చామో చెప్తా. ముందు ఆ .300 అమ్మేశాం. వేసవి అంతా .22 బోల్ట్ యాక్షన్ ఒక్కటే. తన్ను దాదాపు ఉండదు, తూటా చవక. దాదాపు 400 షాట్లు కొట్టించాం. చెవుల్లో ప్లగ్స్, వాటి మీద మఫ్స్, రెండూ. చాలామందికి ఈ విషయం తెలీదు, ఫ్లించ్‌కి సగం కారణం తన్ను కాదు, చప్పుడు. రైఫిల్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క షాట్‌తోనే చెవికి శాశ్వత నష్టం జరగొచ్చు. వేటలో కూడా పెట్టుకోవాలి, రేంజిలో మాత్రమే కాదు.

ఆ తర్వాత .243 కాంపాక్ట్. మొదటి రోజు 10 షాట్లే, వాడు ఇంకా కావాలన్నా ఇవ్వలేదు. మ్యాగజైన్‌లో అన్న వాడికి తెలియకుండా మధ్యమధ్యలో డమ్మీ తూటాలు పెట్టేవాడు. పేలనప్పుడు గన్ను కదిలిందంటే ఫ్లించ్ ఇంకా ఉన్నట్టు. మొదట్లో ప్రతిసారీ కదిలేది. ఆగస్టు చివరికి వచ్చేసరికి ఆగింది. జీరోయింగ్‌కి ముందు 25 గజాల్లో మొదలుపెట్టి, తర్వాత 100కి వెళ్ళాం. ఈ స్కోపుల్లో ఎక్కువవాటికి ఒక క్లిక్ 100 గజాల్లో పావు అంగుళం జరుపుతుంది, 25 గజాల్లో అందులో నాలుగో వంతే. ఇది తెలియక 25 దగ్గర నాలుగు క్లిక్కులు తిప్పి, ఏం మారలేదని స్కోప్‌ని తిట్టేవాళ్ళు చాలామంది. నేనూ తిట్టాను.

పరీక్ష కూడా ఒకటి పెట్టుకున్నాం. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల గుండ్రం. అంత పేపర్ ప్లేట్ పెట్టి, బల్ల మీద నుంచి కాదు, నేల మీద కూర్చుని షూటింగ్ స్టిక్స్ మీద ఆనించి కొట్టాలి. ఏ దూరంలో అయిదుకి అయిదు ప్లేట్‌లో పడతాయో అదే వాడి లిమిట్. వాడికి 90 గజాలు తేలింది. సరే, 90 దాటితే కొట్టేది లేదు అని ఒప్పందం. డబ్బు సంగతి అడుగుతారు కదా, కొత్త యూత్ రైఫిల్ సుమారు 500 డాలర్లు, స్కోప్ 200 వేసుకోండి. మిగిలిన బడ్జెట్ తూటాలకీ, రేంజి ఫీజుకీ పెట్టండి.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా, కానీ స్కిప్ చేయకండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి. 9 ఏళ్లు నిండితే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 9 నుంచి 16 ఏళ్ల పిల్లలైతే కోర్సు చేసుండాలి, లేదా అర్హత ఉన్న పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. పిల్లలతో పాటు మీరూ చేయండి. 17 లోపు వాళ్ళకి యూత్ లైసెన్స్ 7 డాలర్లు.

మనవాళ్ళకి అసలు ముఖ్యమైనది ఇది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్స్ గడువులో ఉండాలి. టెక్సస్ లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న రెన్యూ చేయకుండా బీరువాలో రైఫిల్ ఉందంటే సమస్య మీదే. పిల్లాడు హెచ్-4 మీద ఉంటే వాడికీ ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ గొడవ లేదు. దయచేసి నా వీడియో చూసి కాదు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి కొనండి. ఒక తుపాకీ కోసం ఇన్నేళ్ల ప్రాసెస్ పోగొట్టుకోకండి. ఇంట్లో లాకర్ తప్పనిసరి, తూటాలు వేరే చోట. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అది కూడా నేరమే.

ఆ రెండో నవంబర్ సంగతి చెప్పి ఆపేస్తా. అదే రాంచ్, అదే బ్లైండ్. ఉదయం ఏడింటికి 60 గజాల్లో ఒక జింక వచ్చింది. వాడు రైఫిల్ ఎత్తాడు. సేఫ్టీ తీయలేదు, వేలు ట్రిగ్గర్ బయటే ఉంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. అన్న గుసగుసగా "కొట్టు నాన్నా" అన్నాడు. వాడు తల అడ్డంగా ఊపి, "వెనకాల ఇంకోటి ఉంది డాడీ" అన్నాడు. నాకు కనబడలేదు. బైనాక్యులర్స్‌తో చూస్తే పొద చాటున నిజంగానే చిన్నది ఒకటి నిలబడి ఉంది. 4 జూమ్‌లో వాడికి అదంతా కనబడింది. రెండూ వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం దాకా ఇంకేం రాలేదు. అమ్మ కట్టిచ్చిన పులిహోర తిని వాడు బ్లైండ్‌లోనే నిద్రపోయాడు.

సాయంత్రం ఒకటి వచ్చింది, ఒంటరిగా, 75 గజాల్లో. ఒక్క షాట్. ఈసారీ నేను వాడి మొహమే చూశాను, కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఓకే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో .22తో మొదటి రేంజి డే ఎలా చేయాలో, ఏం తీసుకెళ్ళాలో చూపిస్తా. మీ పిల్లల వయసు, ఎత్తు, మోచేతి కొలత కామెంట్‌లో పెట్టండి, వాటిని బట్టే ఉదాహరణలు తీసుకుంటా. ఉంటాను మరి.